గ్రామఫోను ప్లేటు, మా తాత చెవి

కొత్త ఒక వింత, పాత ఒక రోత అని సామెత. మా బంగారు గనుల ఊళ్ళో ఈ సామెతను తిరగేసుకొన్నవాళ్ళం అయిదుగురం ఉన్నాము. మాకు పాతదే వింత. జీతాలు వచ్చిన తరువాత మొదటి ఆదివారం రాబర్ట్‌సన్‌పేటలో ఒక మిత్రుని ఇంటి ముందుగదిలో చేరతాము. ఆ నెలలో ఎవరు ఏ ప్లేటు కొన్నారు, ఎంతకు కొన్నారు, అది ఎలా మోగుతున్నది, ఇదే సభ కార్యక్రమం. అధ్యక్షుడు లేడు, వందన సమర్పణ లేదు. కాఫీ మాత్రం ఉంటుంది.

అయిదుగురిలో పెద్దాయన బి.ఇ.ఎమ్.ఎల్. కర్మాగారంలో ఫిట్టరుగా చేసి రిటైరైనవారు. ఆయనను అందరం మామా అంటాము. ఒకరు కోలారు నుంచి బస్సులో వచ్చే కన్నడ మాష్టారు. ఒకరు ఆండర్సన్‌పేట తమిళ మిత్రుడు. నాలుగో అతను ప్రతి దినమూ రైలెక్కి బెంగళూరు వెళ్ళి కంప్యూటరు ఉద్యోగం చేసివచ్చే కుర్రవాడు. అయిదోవాడిని నేను, ఒక ఆఫీసులో గుమాస్తాను. చదువు మెట్రిక్కుతో ఆగింది. సంగీత శాస్త్రం నాకు రాదు. వినడం మాత్రం వచ్చుననుకొనేవాడిని. ఆ గర్వం కూడ ఎలా అణిగిందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మొన్నటి నెల సంగతి చూడండి. మాష్టారు బెంగళూరు ఆదివారం సంతలో ఘంటసాల భగవద్గీత ఎల్.పి. రికార్డు సంపాదించారు. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూయడానికి ముందు ఆ మహానుభావుడు పాడి ఇచ్చి వెళ్ళిన గీత అది. అట్ట చినిగింది గాని ప్లేటు మీద గీత లేదు. మా తమిళ మిత్రుడు టి.ఎన్. రాజరత్నం పిళ్ళై నాదస్వరం ప్లేటు తెచ్చాడు. కుర్రవాడు పాత తెలుగు సినిమా పాటల సి.డి.లు ఒక పెట్టెడు తెచ్చి, “అన్నా, అమెరికాలో 2022లో ఎల్.పి.లు 4 కోట్ల 10 లక్షలు అమ్మితే సి.డి.లు 3 కోట్ల 30 లక్షలేనట. 1987 తరువాత ప్లేటు సి.డి.ని దాటడం అదే మొదలట” అన్నాడు. “అయితే మన గుజరీ అంగడివాడికి ఈ వార్త చెప్పకు, ధర పెంచేస్తాడు” అన్నారు మామ.

ప్లేటు మన దేశానికి వచ్చిన కథ క్లుప్తంగా చెప్పుకోవాలి. 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే దొర లండన్ గ్రామఫోను కంపెనీ తరపున కలకత్తాలో దిగి గౌహర్ జాన్ పాటలు పట్టాడు. ఆ ప్లేట్లు జర్మనీలోని హానోవరులో అచ్చయి ఓడ మీద తిరిగి వచ్చాయి. 1908 నుంచి కలకత్తాలోనే అచ్చు వేయడం మొదలైంది. అదే 1902లో శివనసముద్రం నుంచి మా గనులకు కావేరీ కరెంటు వచ్చింది. అయితే గ్రామఫోనుకు ఆ కరెంటుతో పనిలేదు. చేత్తో కీ ఇస్తే చాలు, లైను ఇంట్లోనూ మోగేది, దొర బంగళాలోనూ మోగేది.

ఆ నల్లటి ప్లేటు దేనితో చేస్తారో చాలామందికి తెలియదు. దానికి ప్రాణం లక్క. ఛోటానాగపూరు అడవుల్లో పురుగులు చెట్టుకొమ్మలకు పట్టించే లక్కను కరిగించి, అందులో రాతిపొడి, మసి కలిపి అచ్చు వేసేవారు. రాయి పిండి చేయడం మా ఊరికి కొత్త కాదు గదా! ఇక్కడ రాతిని పిండిచేసి బంగారం తీశారు, అక్కడ రాతిపిండి కలిపి పాట పోశారు. రాతిపొడి ఉన్నందువల్లనే ఇనుప ముల్లు మొదటి చుట్లలోనే అరిగి గాడికి సరిగ్గా కుదురుకొంటుంది. అంచేతనే ఒక్కొక్క వైపుకు ఒక్కొక్క కొత్త ముల్లు వాడాలి. పొదుపు కోసం ఒకే ముల్లుతో పది పాటలు వేసిన ఇళ్ళలో ప్లేట్లు బూడిదరంగుకు తిరిగి ఉంటాయి. అలాంటివి నా దగ్గరా ఉన్నాయి.

ఇక మా ఇంటి సంగతి. మా తాత చాంపియన్ రీఫ్ గనిలో మిషను పట్టి రాతికి రంధ్రాలు వేసే పని చేసేవాడు. గనులు మైసూరు ప్రభుత్వం చేతికి వచ్చిన 1956లో ఒక గ్రామఫోను పెట్టె కొన్నాడట. దానితోబాటు పన్నెండు ప్లేట్లు. వాటిలో మా ఇంట ఎక్కువగా మోగింది ‘పుష్పవిలాపం’. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పద్యాలు, ఘంటసాల గానం. తాతకు చదువు రాదు. ఆ పద్యాలన్నీ ప్లేటు మీద విని నోటికి పట్టాడు. సాయంత్రం షిఫ్టు దిగి స్నానం చేసి, పెట్టెకు కీ ఇచ్చి, దాని పక్కనే చెవి ఒగ్గి కూర్చొనేవాడని అమ్మ చెబుతుంది. తాత తరువాత మా నాయన, నాయన తరువాత నేను. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డ నాడు మా నాయన ఇంటికి వచ్చి ఏమీ మాట్లాడలేదు. రాత్రి ఆ ప్లేటు ఒకసారి వేసుకొని పడుకొన్నాడు.

అటువంటి ప్లేటును నేనే పాడుచేశాను.

2014 ఆషాఢం. మా ఊళ్ళో ఆ మాసపు గాలి ఎటువంటిదో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. సైనైడు దిబ్బల మీది తెల్లని పొడి కిటికీ మూసినా ఇంట్లోకి వస్తుంది, మూతపెట్టిన అన్నంలోకి వస్తుంది, ప్లేటు గాడిలోకీ వస్తుంది. నాయన సంవత్సరీకానికి బంధువులు వస్తారు, ఆ ప్లేటు వినిపిద్దామని అమ్మ అన్నది. శుభ్రంగా తుడుద్దామని మందుల అంగడిలో స్పిరిటు తెచ్చి, దూదితో అద్ది, శ్రద్ధగా రుద్దాను. దూది నల్లబడింది. ఎంత మురికి వచ్చిందో అని సంతోషించాను. అది మురికి కాదు, ప్లేటే! లక్క స్పిరిటులో కరుగుతుంది. వడ్రంగి పాలిషు వేసేది ఆ రెండూ కలిపే గదా. గుమాస్తా బుర్రకు అది తట్టలేదు. ముల్లు పెడితే మొదటి పద్యమంతా బుస కొట్టింది.

అమ్మ తిట్టలేదు. “బాగా తుడిచినావురా. పాటను కూడా తుడిచేసినావు” అన్నది. అంతే. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

తప్పు దిద్దుకోవాలని వెదకడం మొదలుపెట్టాను. ఆ వెదుకులాటే నన్ను ఈ మిత్రుల దగ్గరకు చేర్చింది. ముందు ఒక సి.డి. దొరికింది. సి.డి. అనేది 1982లో వెలువడిన సాధనం. అందులో గాడి లేదు, ముల్లు లేదు. ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాసి, వెలుగుతో చదువుతుంది. ఎన్నిసార్లు వేసినా అరగదు. మంచిదే. కాని పాత ప్లేటు నుంచి సి.డి. చేసేటప్పుడు బుసను పోగొట్టాలని కొందరు పైస్థాయి ధ్వనులన్నీ కోసివేస్తారు. ఆ పైస్థాయిలోనే మన స, శ, షలు ఉంటాయి. గాయకుడు ఊపిరి తీసుకొనే చప్పుడు ఉంటుంది. బుసతోబాటు అవీ పోతాయి. నేను కొన్న సి.డి.లో పద్యానికీ పద్యానికీ మధ్య గోడ కట్టినట్టు నిశ్శబ్దం. మాటలు మాత్రం నోట్లో దూది పెట్టుకొని పలికినట్టున్నాయి. అమ్మ ఒకసారి విని, “బాగుంది గాని, మనది కాదులే” అన్నది. తప్పంతా సి.డి.దే అనుకొన్నాను.

నిరుడు దొరికింది అసలు ప్లేటు. గని క్వార్టర్సు వదిలి కొడుకు దగ్గరికి పోతున్న ఒక కుటుంబంవారు సామానంతా గుజరీకి వేశారు. పాత పేపర్ల కట్టల మధ్య ఏడు ప్లేట్లు ఉన్నవి. తూకానికి అడిగితే తూకానికే ఇచ్చేవాడేమో. నా ముఖం చూసి పసిగట్టి 600 రూపాయలు అన్నాడు. బేరం ఆడలేదు. ఈసారి స్పిరిటు జోలికి పోలేదు. నీళ్ళలో రెండు చుక్కలు గిన్నెలు తోమే సబ్బునీరు వేసి, మెత్తని గుడ్డతో గాడి వెంట గుండ్రంగా తుడిచి, లేబులు తడవకుండా ఆరబెట్టాను. తాత పెట్టె మీద వేయడానికి మనసొప్పలేదు. ఇనుప ముల్లు బరువు ప్లేటును తినేస్తుంది. మామ ఇంట ఉన్న కరెంటు ప్లేయరులో 78కి వేరే ముల్లు ఉంది. ఇది గమనించవలసిన సంగతి. ఎల్.పి. ముల్లు కొన మిల్లీమీటరులో నలభయ్యో వంతు, లేదా ఇంకా సన్నం. లక్క ప్లేటుకు కావలసినది దానికి మూడింతలు. సన్న ముల్లు పెడితే గాడి అడుక్కు దిగిపోయి దుమ్మును గీకుతుంది. ‘పాత ప్లేటులో శబ్దం ఎక్కువ’ అనే ఫిర్యాదులో సగం తప్పు ముల్లుదే.

వేగం కూడ సరిచూసుకొన్నాము. మామ దగ్గర 77 గీతలున్న గుండ్రని అట్ట ఉంది. 50 సైకిళ్ళ కరెంటుతో వెలిగే పాత చోకు ట్యూబులైటు కింద అది తిరిగితే, వేగం సరిగ్గా ఉన్నప్పుడు గీతలు నిలిచిపోయినట్టు కనబడతాయి. కొత్త ఎల్.ఇ.డి. బల్బుల కింద చాలావరకు ఈ పరీక్ష కుదరదు. గీతలు నిలిచాయి. అమ్మను ఆటోలో తీసుకువచ్చి కుర్చీలో కూర్చోబెట్టి ప్లేటు వేశాము. అక్షరం అక్షరం ముత్యాలలా వచ్చాయి. మేము ఒకరి ముఖం ఒకరు చూసుకొని మురిసిపోయాము. అమ్మ మాత్రం తల అడ్డంగా ఊపింది.

“ఘంటసాలకు ఇంత తొందరేమిరా? మన పెట్టెలో నింపాదిగా చెప్పేవాడు. గొంతు కూడా ఇంకా దిగువనుండేది.”

నేను నొచ్చుకొన్నాను. వయసు మీదపడింది, జ్ఞాపకం మారింది అనుకొన్నాను. మామ అలా అనుకోలేదు. ఫిట్టరు గదా, మనిషిని శంకించేముందు యంత్రాన్ని శంకిస్తాడు. “రేపు ఆ పెట్టె తీసుకురా” అన్నాడు.

పెట్టె విప్పి, స్ప్రింగు గిన్నెలో గట్టిపడిన పాత గ్రీజు కడిగి, కొత్తది పెట్టాడు. చెడిపోయినా బాధలేని ఒక ప్లేటు వేసి, దాని కింద సన్నని కాగితం ముక్క బయటికి వచ్చేలా పెట్టి, పాట మోగుతుండగానే అది నిమిషానికి ఎన్నిసార్లు వేలికి తగులుతుందో లెక్కించాము. 74. మళ్ళీ లెక్కించాము. 74. స్ప్రింగులో అలసట లేదు, యంత్రంలో లోపం లేదు. పళ్ళెం పక్కన వేగం సరిచేసే మర ఒకటి ఉంటుంది. దాన్ని ఎవరో నిదానం వైపు తిప్పి పెట్టారు. అంతేకాదు, మర ఆగిన చోట చెక్కమీద చాకుతో గీసిన సన్నని గుర్తు ఉంది. “ఇది దానంతట అది జరిగినది కాదు నాయనా, కావాలని చేసినది” అన్నాడు మామ.

నిమిషానికి 4 చుట్లు తగ్గితే ఏమవుతుందో పాఠకులు లెక్క వేసుకోవచ్చు. మూడు నిమిషాల పాట మూడు నిమిషాల పది సెకన్లు పడుతుంది. శ్రుతి హార్మోనియం మీద దాదాపు ఒక మెట్టు కిందికి దిగుతుంది. అంటే తొందర అన్న మాటా, గొంతు దిగువ అన్న మాటా రెండూ నిజమే. ఏ గీతల అట్టా లేకుండా, ఎన్నో ఏళ్ళ కిందట విన్నదాన్ని అమ్మ చెవి అంత ఖచ్చితంగా కొలిచింది. చిన్నప్పుడు ఆకాశవాణిలో ఇవే పద్యాలు వస్తే నాకూ వేరుగా తోచేది. అది వేరే ప్లేటు కాబోలనుకొన్నాను గాని మా పెట్టెను శంకించలేదు.

ఇంటికి వచ్చి అమ్మను అడిగాను. ఇంతకాలం ఎవరూ అడగలేదు గనుక చెప్పలేదట.

“మీ తాతకు చెవి మందంరా. మిషను పట్టిన చెవి. పాట వినపడుతుంది గాని మాట అందదు అనేవాడు. పద్యం నేర్చుకోవాల గదా, అందుకే నిదానం చేసుకున్నాడు. నేను కాపురానికొచ్చిన కొత్తలో అడిగితే, తొందరగా పోయేవాడి వెంట మనం పరుగెత్తలేము గదమ్మా అన్నాడు.”

రాతిలో మిషను పట్టినవారి చెవుల సంగతి మా ఊరి పాత కుటుంబాలన్నిటికీ తెలిసినదే. ఏళ్ళ తరబడి ఆ మోత విన్న చెవికి ముందుగా పోయేవి సన్నని పైస్థాయి ధ్వనులు. అచ్చులు వినబడతాయి, హల్లులు జారిపోతాయి. ఎదుటివాడు మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది గాని ఏమన్నాడో తెలియదు. నా సి.డి. చేసినవారు యంత్రంతో కోసిన భాగమే గని మా తాత చెవిలో కోసింది. ఆ పోయినదానికి ఆయన తనకు చేతనైన వైద్యం చేసుకొన్నాడు. పాటను కాస్త ఆపి, మాటను అందుకొన్నాడు. చదువురాని మనిషి ఇంటి గోడవారగా కూర్చొని పద్యకావ్యం నేర్చుకోవడానికి ఆ నాలుగు చుట్లు అవసరమయ్యాయి.

ఆ నెల మా సభలో పెద్ద వాదమే జరిగింది. ప్లేటు నకలు తీసి అందరికీ ఇవ్వాలి. ఏ వేగంలో తీయాలి? తమిళ మిత్రుడు, “పాడినవారి శ్రుతి మార్చే హక్కు మనకెక్కడిది? 78 లోనే తీయాలి” అన్నాడు. మాష్టారు, “వినేవాడికి అందని శ్రుతి ఎవరికోసం?” అన్నారు. కుర్రవాడు నవ్వి, “అన్నా, ఇప్పుడు ఫోనులో నిదానం మీట ఉంది, శ్రుతి కూడా మారదు. తాతగారు అప్పుడే చాకుతో ఆ మీట పెట్టుకున్నారు” అన్నాడు. మామ ఏమీ అనకుండా కాఫీ తాగి, చివరికి, “రెండూ తీయండి. దేని మీద ఏది రాయాలో అది రాయండి” అని తేల్చాడు.

అలాగే చేశాము. ఒక నకలు 78లో. దాని మీద ‘ఘంటసాల పాడినది’ అని రాశాము. రెండవది 74లో, తాత పెట్టె ముందు మైకు పెట్టి తీసినది. దానికోసం ఒక్కసారి ఇనుప ముల్లు వాడాము, కొత్త ముల్లు. దాని మీద ‘మా తాత విన్నది’ అని రాశాము. ఏది నాణ్యమైనది అని ఎవరైనా అడిగితే, ఎవరి చెవికి అని తిరిగి అడగడం నేర్చుకొన్నాను. నేను మంచి ముల్లు, మంచి యంత్రం, ధర, బుస అని ఎంత లెక్క వేసినా, విన్న మనిషిని లెక్కలో వేయలేదు. అది నా తప్పు. ప్లేటు నుంచి స్పిరిటుతో తుడిచినదానికంటె ఇది పెద్ద తప్పు.

మన సంఘం కుటుంబాలు ఈ జిల్లాలో తరతరాలుగా ఉన్నవి. ములబాగల్, శ్రీనివాసపురం వైపు పల్లెల్లోనూ, ఇక్కడి లైను ఇళ్ళలోనూ అటక మీద ఇంకా ప్లేట్లు ఉన్నాయని నాకు తెలుసు. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో కన్నడమూ ఇంగ్లీషూ చదువుకొనే మన పిల్లలకు, పద్యం చెవిన పడే దారి ఆ నల్లటి పళ్ళేలే. కనుక ఒకటి రెండు మనవులు. లక్క ప్లేటుకు స్పిరిటు తాకించకండి. ఒకదానిపై ఒకటి పడుకోబెట్టకండి, పుస్తకాలలాగా నిలబెట్టండి. పాత కీ గ్రామఫోను మీద ఎల్.పి. వేయకండి, ఒక్కసారికే గాడి పోతుంది. సి.డి. కొన్నామని ప్లేటును గుజరీకి వేయకండి. అంగడిలో రాయించుకొన్న సి.డి.ని శాశ్వతమని నమ్మకండి, కొన్నేళ్ళకు అది చదవబడకపోవచ్చు. నకలు రెండు చోట్ల ఉంచండి.

అన్నిటికంటె ముఖ్యం, ప్లేటు సంచి మీద నాలుగు ముక్కలు రాసిపెట్టండి: ఎవరు కొన్నారు, ఏ పెట్టె మీద వేశారు, ఎవరు విన్నారు. పాడినవారి పేర్లు వెదికి పట్టేవారున్నారు. ముంబయిలో 1990లో ఏర్పడిన భారతీయ రికార్డు సేకర్తల సంఘం ఆ వివరాలు ఎన్నో అచ్చువేసింది. విన్నవారి పేర్లు మాత్రం మనం రాస్తేనే ఉంటాయి. రాసేముందు ఇంట్లో పెద్దవారిని ఒక్కమాట అడగండి. వారికి తెలుసు, మనం అడగలేదు గనుక చెప్పలేదు, అంతే.

తాత పెట్టె ఇప్పుడు బాగా నడుస్తున్నది. వేగం మర సరిచేయమంటారా అని మామ అడిగాడు. అమ్మ వద్దన్నది. చాకు గుర్తు దగ్గరే ఉంచాము.